మూడో నంబరు రిజిస్టరుకి నలభయ్యో రోజు

మా ఊరి పోలీసుల చేత నిజం కక్కించిన మొనగాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. వాడి పేరు త్సోలో, అంటే నేనే. నాకు తుపాకీ లేదు, లాయరు పట్టా లేదు. చదువు పల్లెబడిలో ఏడో తరగతి దాకా, అదీ మాస్టారు బతిమాలితేనే. ఉన్నదల్లా ఒక అచ్చుమిషను, ఒక డబ్బా నల్లసిరా, ఎవడికీ వంగని వెన్నుపూస.

నా వృత్తి చావు కాగితాలు వెయ్యడం. మనిషి పోయినప్పుడొకటి, నలభయ్యో రోజుకొకటి, ఏడాదికొకటి. పైన ఫొటో, చుట్టూ నల్లటి అంచు, లోపల నాలుగు మంచి మాటలు, అడుగున దుఃఖిస్తున్నవాళ్ళ పేర్లు, ఆ కింద చిన్నక్షరాల్లో నా ఫోన్ నంబరు. ఇంటి తలుపుకీ, కరెంటు స్తంభానికీ, బస్టాపుకీ అంటిస్తారు. ముప్పై ఏళ్ళుగా ఈ ఊరి సగాన్ని నేనే సాగనంపాను. పెళ్ళాన్ని బెల్టుతో బాదినవాణ్ణి ప్రేమమూర్తి అన్నాను. పక్కవాడి కంచె ఏటా జానెడు జరిపినవాణ్ణి ధర్మాత్ముడన్నాను. కాబట్టి అబద్ధం గురించి నా మాటకి విలువుంది. మా పోలీసుల అబద్ధాల్లో పనితనం లేదు. నా దగ్గర పనికి చేరితే వారంలో మాన్పించేసేవాణ్ణి.

సెవ్దా ఏటవతల పేట మనిషి. మా ఊళ్ళో ఆ ఒక్క మాట చెబితే చాలు, మిగతాదంతా జనం తమంతట తామే ఊహించుకుంటారు, తప్పుగా. మున్సిపాలిటీ తరఫున బజారు వీధులు ఊడుస్తుంది. ఆమెకి ఒక్కడే కొడుకు, సాల్చో. పెళ్ళిళ్ళలో క్లారినెట్ వాయిస్తాడు, పెళ్ళిళ్ళు లేని శుక్రవారాలు సంతలో వాయిస్తాడు.

మార్చి మొదటి శుక్రవారం సార్జెంట్ గాత్సోవ్ సంతలోకొచ్చి, "ఆపరా ఆ గోల!" అన్నాడు. పాట సగంలో ఉంది. సగంలో పాట ఆపేవాడు వాయిద్యగాడు కాడు కదా, సాల్చో చివరిదాకా వాయించి, క్లారినెట్ తుడుచుకుని, అప్పుడు ఆపాడు. గాత్సోవ్ వాడి మెడ పట్టుకుని స్టేషనుకి లాక్కుపోయాడు. లోపల ఎడమ చెవి మీద రెండు పడ్డాయి. కర్ణభేరి చిరిగిందని డాక్టరు రాసిచ్చాడు. ఇక్కడిదాకా కొత్తేం లేదు, మా పోలీసులకి చేతులున్నాయని అందరికీ తెలుసు. కొత్తదేమిటంటే మర్నాడు సాల్చో మీదే కేసు పెట్టారు. పదకొండుంబావుకి నడి సంతలో సార్జెంటు మీద పడి కొట్టాడట, ఆ పెనుగులాటలో తనే కింద పడి చెవికి దెబ్బ తగిలించుకున్నాడట. రుజువైతే మూడేళ్ళు జైలు. విచారణ మే పదో తేదీ.

సెవ్దా చీపురు భుజాన వేసుకుని నా కొట్టుకొచ్చింది.

"త్సోలో బాబాయ్, పదిన్నరకే నేను స్టేషను కిటికీ దగ్గరున్నా. నా కొడుకు లోపలే ఉన్నాడు. అక్కడి గుమాస్తా రాయ్నా రిజిస్టర్లో రాసేసింది కూడా. తెచ్చిన టైము పది ఇరవై. పక్క గళ్ళో 'ఆరోగ్యంగా ఉన్నాడు, దెబ్బల్లేవు' అని. ఆ కింద గాత్సోవ్ సంతకం. తలకిందులుగా చదివా."

"నీకు చదవడం ఎప్పుడొచ్చింది?"

"ఊడుస్తూ ఊడుస్తూ నీ కాగితాలు చదివే నేర్చుకున్నా. అందుకే నాకు తిట్లు చదవడం రాదు. అన్నీ పొగడ్తలే వచ్చు."

ఆ ఒక్క పేజీ చాలు. పది ఇరవైకి స్టేషన్లో ఉన్నవాడు పదకొండుంబావుకి సంతలో ఎవణ్ణీ కొట్టలేడు. నిక్షేపంగా లోపలికెళ్ళినవాడి చెవి బయట చిరగదు. సర్కారు కాగితం ఏదైనా ఎవరైనా అడగొచ్చు, పద్నాలుగు రోజుల్లో ఇవ్వాలి అని మాకూ చట్టం ఉంది. సెవ్దా దరఖాస్తు పెట్టింది. మార్చి ఇరవయ్యైదున జవాబొచ్చింది. పద్ధతి ప్రకారం కవరు, ముద్ర, సంతకం అన్నీ ఉన్నాయి. లోపల పేజీ కూడా ఉంది. కాకపోతే మొత్తం నల్లగా ఉంది. పైన పేజీ నంబరు, కింద గుండ్రటి ముద్ర, మధ్యలో అమావాస్య. నేను పదేళ్ళ చావులకి వాడే సిరా ఒక్క పేజీ మీద పోశారు.

సెవ్దా ఆ పేజీ పట్టుకుని పై అధికారి ద్రందారోవ్ దగ్గరికెళ్ళింది. ఆ సంభాషణ వరండాలో కూర్చున్న ఏడుగురు విన్నారు. ఏడుగురూ నాకు ఒకేలా చెప్పారు, మా ఊళ్ళో అదొక వింత.

"సార్, నా కొడుకు పేరు కూడా నల్లగా పూసేశారేం?"

"అది వాడి గోప్యతమ్మా. వాడి హక్కు. హక్కులు హక్కులని అరిచేది మీరేగా?"

"ఎవరినుంచి కాపాడుతున్నారు సార్? వాళ్ళమ్మ నుంచా?"

"చట్టానికి అమ్మా నాన్నా ఉండరు."

"అది తెలుస్తూనే ఉంది. పోనీ టైము? గడియారానికేం గోప్యత సార్?"

"టైములు చెబితే మా పనివిధానం బయటపడుతుంది."

"మీ పనివిధానం నా కొడుకు చెవిలో ఉంది సార్. డాక్టరు లైటేసి మరీ చూశాడు."

ద్రందారోవ్ ఆమెని బయటికి పంపమన్నాడు. గాత్సోవ్ తలుపు తీసి పట్టుకున్నాడు. పోనీలెండి, ఆ పాటి మర్యాద నేర్చుకున్నాడు.

రాజధాని సోఫియా నుంచి బిల్యానా అని ఒక లాయరమ్మాయి వచ్చి కేసు తీసుకుంది. అసలు రిజిస్టరే తెప్పించండి అని కోర్టుని అడిగింది. దానికి పోలీసులిచ్చిన జవాబు నేను మిషను మీద పటం కట్టి పెట్టుకోదగ్గది. మార్చి ఇరవయ్యో తేదీన స్టేషను నేలమాళిగలోకి నీళ్ళొచ్చి, నిర్బంధితుల రిజిస్టరు నంబరు మూడు నీట మునిగి పూర్తిగా నాశనమైందట. చింతిస్తున్నారట.

ఇరవయ్యో తేదీన మునిగింది, ఇరవయ్యైదున లేచొచ్చి ఒక నకలు దిగింది, మళ్ళీ వెళ్ళి మునిగింది! బిల్యానా ఆ సంగతే అడిగితే, నకలు ముందే తీశామని ఇంకో కాగితం పంపారు. ఇక నేలమాళిగ సంగతి. డెబ్బై నాలుగులో ఆ భవనం కట్టినప్పుడు సిమెంటు కలిపింది నేను. రెండడుగులు తవ్వితే బండ. ఆ స్టేషనుకి నేలమాళిగ లేదు, ఎలక్కి బొరియ కూడా లేదు.

"ఆ మాట కోర్టులో చెబుతారా తాతగారూ?" అంది బిల్యానా.

"ఓ, నిక్షేపంగా!" అన్నాను. ఆ రాత్రే నాకు జ్వరమొచ్చింది. విచారణ అయ్యేదాకా తగ్గేలా కనబడలేదు.

చూశారుగా, ఎవడికీ వంగని వెన్నుపూస అని మొదట్లో ఏదో రాశాను. దాన్ని అంత పట్టించుకోకండి. అచ్చుమిషను మాత్రం నిజంగానే ఉంది.

మూడోనాడు సెవ్దా మళ్ళీ వచ్చింది. జ్వరం ఎలా ఉందని అడగలేదు, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి నవ్వింది.

"బాబాయ్, మనిషి మునిగిపోతే ఏం చేస్తాం?"

"కాగితం వేస్తాం."

"నలభయ్యో రోజుకి?"

"ఇంకో కాగితం వేస్తాం. గోధుమలు ఉడికించి, పంచదారా అక్రోటు పప్పూ కలిపి పంచుతాం. తీసుకున్నవాళ్ళు 'దేవుడు క్షమించుగాక' అంటారు."

"వచ్చే సోమవారానికి రిజిస్టరు మునిగి నలభై రోజులు. పాపం, దిక్కూ మొక్కూ లేకుండా పోయింది. కాగితం వెయ్యి."

నాకు అర్థమైంది. వద్దన్నాను. మిషను పాడైందన్నాను. మిషను పక్కగదిలో ఎవరి అత్తగారి కాగితమో కొడుతూ టకటకమంటూనే ఉంది.

"నువ్వు చచ్చినవాళ్ళ మీద అబద్ధాలు రాసి బతికావు బాబాయ్. ఒక్కసారి బతికున్నదాని మీద అబద్ధం రాయి. నా కొడుకు బయట ఉంటాడు."

అలా అడిగితే ఎవడు మాత్రం ఏం చేస్తాడు? రాశాను. ఫొటో ఉండాల్సిన చోట వాళ్ళు పంపిన నల్లపేజీ పెట్టాను. ముప్పై ఏళ్ళలో నేను వేసిన వాటిలో అంత నాణ్యమైన కాగితం మరొకటి లేదు:

"అశ్రునయనాలతో తెలియజేయునది. నిత్యం నిజమే పలికిన, ఎవరి పక్షం వహించని, ఊరందరి మంచిచెడ్డలూ తన గుండెల్లో దాచుకున్న మన ప్రియతమ నిర్బంధితుల రిజిస్టరు నంబరు మూడు, లేని నేలమాళిగలో రాని వరదలో మునిగి, అకాలమరణం చెందింది. నలభయ్యో రోజు సందర్భంగా సోమవారం ఉదయం పదకొండు గంటలకు పోలీసు స్టేషను ఎదుట గోధుమలు పంచబడును. దుఃఖిస్తున్నవారు: కన్నతల్లిలా సాకిన రాయ్నా, పెద్దదిక్కు ద్రందారోవ్, ఆఖరి సంతకం చేసిన గాత్సోవ్."

ఆ పేర్ల వరస సెవ్దా ఆలోచన. రాయ్నా పేరు ముందు ఉండాలంది. ఎందుకో నాకప్పుడు తెలీలేదు. నలభై కాగితాలు వేశాను. వేసి, కత్తెర తీసుకుని, నలభై కాగితాల అడుగునా నా ఫోన్ నంబరు కత్తిరించి పొయ్యిలో పడేశాను.

సెవ్దాకి అంటించడం ఎంత పని? తెల్లారి వీధులు ఊడుస్తూ స్తంభానికొకటి వేసుకుంటూ పోయింది. ఎనిమిదింటికల్లా స్టేషను గేటు మీద కూడా ఉంది.

తొమ్మిదింటికి గాత్సోవ్ నా కొట్లో ఉన్నాడు.

"తాతా, ఇది నువ్వేసిందేనా?"

నేను కళ్ళద్దాలు పెట్టుకుని తెగ చూశాను. "నాదా! ఛీ ఛీ. అంచు చూడు, కుడిమూల వంకర. ఎవడో చేతకానివాడు వేశాడు నాయనా."

గాత్సోవ్ గోడ మీదున్న కాగితాల వైపు చూశాడు. అన్నిటికీ కుడిమూల వంకరే. నా అచ్చు ముప్పై ఏళ్ళుగా అంతే. వాడు వాళ్ళమ్మ కాగితం దగ్గర ఒక నిమిషం ఆగి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. అది కూడా నేనే వేశాను మరి, డబ్బు తీసుకోకుండా.

కాగితాలు చింపెయ్యమని ద్రందారోవ్ హుకుం వేశాడు. అయితే చావు కాగితాన్ని చెయ్యి పెట్టి చింపినవాడు మా ఊళ్ళో ఇంతవరకూ లేడు. దాన్ని వాన తియ్యాలి, గాలి తియ్యాలి. మనిషి తీస్తే ఏడాది తిరక్కుండా వాడి తలుపుకి ఇంకోటి అంటించాల్సొస్తుంది. గాత్సోవ్ గేటు దగ్గరికెళ్ళి చెయ్యెత్తాడు. ఎదురుగా కూరగాయల కొట్టు ముందు ముగ్గురు ముసలమ్మలు నిలబడ్డారు.

"లాగు నాయనా, లాగు," అంది ఒకావిడ. "మీ ఆవిడకి ఎన్నో నెల?"

ఎత్తిన చెయ్యి ఊరికే దించితే బాగుండదని, గాత్సోవ్ ఆ చేత్తోనే టోపీ తీసి, శిలువ గుర్తు వేసుకుని లోపలికి పోయాడు. ద్రందారోవ్ మరో ఇద్దర్ని పంపాడు. ఒకడికి నడుం పట్టేసింది, ఒకడు భోజనానికెళ్ళి సాయంత్రం దాకా తిన్నాడు. తనే వెళ్ళి చింపొచ్చుగా? వెళ్ళలేదు. రహస్యాల మీద చట్టాలు కంఠతా వచ్చినవాడికి కూడా ఇంటికి ఒక తలుపుంటుంది.

ఇక రాయ్నా. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ రిజిస్టర్లన్నీ ఆమె చేతిరాతే. ఒక్క కొట్టివేత ఉండదు. గీతలు స్కేలుతో కొడుతుంది. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతుంది. చెడ్డమనిషి కాదు. నోరు మూసుకోమంటే మూసుకుంది, అంతే. పేజీకి నలుపు పూసినా, మునిగిందన్నా అది ద్రందారోవ్ పాపం, తనది కాదనుకుంది. కాగితం పడ్డాక రొట్టెల కొట్లో నిలబడితే ముందున్నామె వెనక్కి తిరిగి చెయ్యి పట్టుకుంది.

"ధైర్యం తెచ్చుకో రాయ్నా. ఎలా పోయిందమ్మా? బాధపడిందా?"

పోస్టాఫీసులో, "పోయినవాళ్ళతో పోలేం కదా అక్కా." బస్సులో డ్రైవరు రేడియో ఆపేసి, "మీకెంత కష్టం వచ్చింది!" అన్నాడు. చర్చిలో ముసలి పాదిరీ మూడోనంబరు అంటే ఎవరి పిల్ల అని అడిగాడు. వారం రోజులు ఊరు ఊరంతా ఆమెని పరామర్శించింది. ముప్పై ఒక్క ఏళ్ళు పొల్లు పోకుండా చూసుకున్నదాన్ని నీళ్ళపాలు చేసిందని ఆ పరామర్శకి అర్థం. అంతకన్నా భయమేమిటంటే, బతికున్నదానికి చావు కాగితం పడితే ఆ చావు ఎవరినో ఒకరిని వెతుక్కుంటుంది. ఆ కాగితం మీద మొదటి పేరు ఆమెది. శుక్రవారానికి రాయ్నా నల్లకళ్ళద్దాలు పెట్టుకుని సందుల్లోంచి నడుస్తోంది.

సోమవారం వచ్చింది. సభకైతే పోలీసు అనుమతి కావాలి, నలభయ్యో రోజుకి అనుమతి అడిగే చట్టం ఇంకా పుట్టలేదు. ఏటవతల పేట మొత్తం వచ్చింది, ఇవతల సగం వచ్చింది. సెవ్దా నల్లగుడ్డ కట్టుకుని ఒక పెద్ద గంగాళం పెట్టుకుని కూర్చుంది. పక్కన సాల్చో, క్లారినెట్ లేకుండా. బిల్యానా సంచిలో కాగితం కలం సిద్ధం. మొనగాణ్ణి నేను రోడ్డవతల బస్టాపులో నిలబడ్డాను, బస్సొస్తే ఎక్కేసేట్టుగా.

పదకొండింటికి రాయ్నా ఏదో కవరు పోస్టు చెయ్యడానికి బయటికొచ్చింది. సెవ్దా లేచి ఒక కప్పు గోధుమలు ఆమె చేతిలో పెట్టబోయింది.

"తీసుకో అక్కా. దాని పేరు మీద. ముందు నువ్వే తినాలి, తల్లివి."

"దూరం పో!" అంది రాయ్నా.

"కోపం దేనికక్కా? దేవుడు క్షమించుగాక అను, చాలు. పాపం, అన్ని రోజులు నీళ్ళల్లో..."

"నీళ్ళేంటే, నీ నోట మన్ను పడ! బతికున్నదానికి గోధుమలు వండుతావా? నా నెత్తిన చావు రుద్దుతావా?" రాయ్నా మూడుసార్లు ఉమ్మేసింది. "ఏ నీళ్ళూ తాకలేదు దాన్ని! ఒక్క చుక్క తాకనిచ్చానా నేను? ఇవాళ పొద్దున కూడా రాశా అందులో! ఇద్దరు తాగుబోతులు, ఒక సైకిల్ దొంగ! పెద్దసారు బీరువాలో నిక్షేపంలా ఉంది, తాళం ఇదిగో!"

తాళంచెవి ఎత్తి చూపించింది. పైకిటికీ తెరుచుకుని ద్రందారోవ్ తల బయటికొచ్చింది. "రాయ్నా! లోపలికి!"

"వస్తున్నా సార్! మీరే చెప్పండి వీళ్ళకి, అది బతికుందని! నా కొలువు మీద ఒట్టేసి చెప్పండి!"

ద్రందారోవ్ కిటికీ మూసేశాడు. ఆయన ఉద్యోగంలో అంత నిజాయితీగా చేసిన పని అదొక్కటే.

బిల్యానా అప్పటికే రాసేసింది. ఆమె మాటకి మాట చదివి వినిపిస్తే డెబ్బై ఒక్క మంది సంతకాలు పెట్టారు, పంచదార అంటిన వేళ్ళతో. కాగితమంతా జిగట. కోర్టులో గుమాస్తా దాన్ని ఫైల్లోంచి లాగలేక తంటాలు పడ్డాడు. నేను సంతకం పెట్టలేదు, బస్సొచ్చింది.

జడ్జి బీరువా పేరు చెప్పి మరీ తాఖీదు పంపాడు. మూడోనంబరు రిజిస్టరు మే పదిన నడిచొచ్చింది, పొడిగా, అట్ట కూడా నలక్కుండా. పేజీ తీసి జడ్జి గట్టిగా చదివాడు: "తెచ్చిన సమయం పది గంటల ఇరవై నిమిషాలు. ఆరోగ్యంగా ఉన్నాడు. దెబ్బలు లేవు. సంతకం, సార్జెంట్ గాత్సోవ్." కేసు కొట్టేశాడు. ఆ మాట వినగానే సాల్చో ఎడమ చెవిలో సీసా బిరడా ఊడినట్టు టప్పున చప్పుడై, వినికిడి తిరిగొచ్చింది. సెవ్దా కొడుకుని బయటికి తీసుకొచ్చి, మెట్ల మీద కూర్చోబెట్టి, మిగిలిన గోధుమలు తినిపించింది.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. అధికార రహస్యం బయటపెట్టినందుకు రాయ్నాకి మందలింపు, రెండేళ్ళ ముందే ఇంటికి. ద్రందారోవ్‌ని జిల్లా కేంద్రానికి పంపారు, పెద్ద కుర్చీకి. పౌరులకి సమాచారం అందించే విభాగానికి ఇప్పుడాయనే పెద్ద. గాత్సోవ్ మీద లోపల్లోపల విచారణ జరిగిందట. ఏం తేలిందో చెప్పమని సెవ్దా దరఖాస్తు పెట్టింది. పద్నాలుగో రోజున జవాబొచ్చింది. ఈసారి మూడు పేజీలు, మూడూ నలుపే. ఆమె ఇంకోటి పెట్టింది.

ఇందులో నేను కల్పించినదేమిటని అడుగుతారు, నా సంగతి తెలిసినవాళ్ళు. నేలమాళిగ అనుకుంటారు. అంత గొప్ప కల్పన నావల్ల కాదు, అది పూర్తిగా పోలీసువారిదే. నేను చేర్చింది ఆ చెవి ఒక్కటే. బిరడా ఊడలేదు, ఏ చప్పుడూ కాలేదు. జడ్జి చదువుతున్నంతసేపూ సాల్చో కుడి చెవి అటు తిప్పుకుని కూర్చున్నాడు.